అవ్వ పుట్టినప్పటి కరువు నా దాకా వస్తుందా?

ప్రశ్న: సార్, మాది ధర్మవరం దగ్గర పల్లె. అనంతపురంలో డిగ్రీ జువాలజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మాకు రెండెకరాల మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు ఉన్నాయి. నాకు ఎమ్మెస్సీ చేసి రీసెర్చ్‌లోకి వెళ్లాలని ఉంది. మా నాయన బీఈడీ చెయ్యమంటున్నాడు. బెంగళూరులో ఉండే మా మామ కంప్యూటర్ కోర్సు చేస్తే చాలు అంటున్నాడు. తల్లిదండ్రుల ఆకలి, భయం కూడా పిల్లలకు వస్తాయని, జన్యువులన్నీ ఉత్తమాటలని ఒక వీడియోలో చూసి క్లాసులో అడిగాను. "లామార్క్ ఎప్పుడో పోయాడు, పరీక్షలో ఇలాంటివి రాయకు" అని మా సార్ కూర్చోబెట్టారు. మా అవ్వ, అంటే అమ్మ వాళ్లమ్మ, 1952లో గంజి కేంద్రాలు నడిచిన కరువప్పుడు కడుపులో ఉందట. ఆమెకు షుగర్. మొన్న మా అమ్మకూ షుగర్ అని తేలింది. నాకూ వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఇలాంటి వాటి మీద పని చెయ్యడానికి జువాలజీలో దారి ఉందా, లేక నాయన మాట వినాలా?

సమాధానం:

తల్లీ,

నీ ఉత్తరంలో "కూర్చోబెట్టారు" అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ముప్పై ఏళ్లకు పైగా ఈ సీమలో జువాలజీ చెప్పినవాణ్ని. ఒక అబ్బాయిని నేనూ అలాగే కూర్చోబెట్టాను. హిందూపురం వైపు పల్లె నుంచి వచ్చేవాడు. "సార్, రెండు పట్టుచిలుకలూ ఒకే జాతి. ఒకదాని గుడ్లు నల్లబడ్డాయి, ఇంకోదాని గుడ్లు పసుపుగానే ఉండిపోయాయి. ఎందుకు?" అని అడిగాడు. సిలబస్‌లో ఇంకా మూడు పాఠాలు మిగిలున్నాయి. "జన్యువుల్లో తేడా ఉంటుందిలే" అని బోర్డు వైపు తిరిగాను. ఆ జవాబు తప్పు. తప్పని నాకు తెలిసేసరికి ఆ అబ్బాయి కాలేజీ వదిలి వెళ్లిపోయాడు. అతనికి చెప్పాల్సింది నీకు చెబుతాను. నీ ప్రశ్నకు జవాబు కూడా అక్కడే మొదలవుతుంది.

మీ షెడ్డుకు చాకీ పురుగులే, అంటే గుడ్డు పగిలి కొన్నాళ్లు పెరిగిన పిల్ల పురుగులే వస్తుంటే, గుడ్లను దగ్గరగా చూసి ఉండవు. ఏదైనా గ్రైనేజ్‌కు, అంటే పట్టు గుడ్లు తయారుచేసే కేంద్రానికి వెళ్లి ఒక గుడ్ల షీటు అడిగి చూడు. తల్లి పెట్టినప్పుడు గుడ్లన్నీ లేత పసుపు. ఒక్కోటి ఆవగింజకన్నా చిన్నది. రెండు మూడు రోజులయ్యేసరికి కొన్ని షీట్లు ఎరుపు కలిసిన గోధుమ రంగుకు, ఆపైన బూడిద రంగుకు తిరుగుతాయి. అవి నిద్రపోయిన గుడ్లు. కొన్నాళ్లు చలి తగిలితేనే మళ్లీ లేస్తాయి. లేదంటే గ్రైనేజ్‌వాళ్లు గుడ్లు పెట్టిన మర్నాడే ఆమ్లంలో ముంచి ఆ నిద్ర పట్టకుండా చేస్తారు. ఇంకొన్ని షీట్లు పసుపుగానే ఉంటాయి. పగిలే ముందు ఆ గుడ్లలో నల్లటి చుక్క కనబడుతుంది. అది లోపలి పురుగు తల. పదో రోజు ప్రాంతంలో వెంట్రుకంత పురుగులు బయటికి వస్తాయి.

బైవోల్టిన్, అంటే ఏడాదికి రెండు తరాలు వచ్చే జాతిలో గుడ్డు నిద్రపోవాలా వద్దా అన్నది దాని తల్లి తాను గుడ్డుగా ఉన్నప్పుడు చూసిన వాతావరణాన్ని బట్టి తేలుతుంది. తల్లి పుట్టబోయే గుడ్డును 25 డిగ్రీల వేడిలో, వెలుతురులో పొదిగిస్తే, ఆమె పెద్దయ్యాక పెట్టే గుడ్లు నిద్రపోతాయి. అదే గుడ్డును 15 డిగ్రీల చల్లదనంలో, చీకట్లో పొదిగిస్తే ఆమె గుడ్లు నిద్రపోవు. వేడి, వెలుతురు ఎక్కువగా ఉంటే అది ఎండాకాలం, తన పిల్లల కాలానికి చలి వస్తుందన్న లెక్క ఆ ఒంట్లోనే ఉంది. తల్లి గూడులో ప్యూపాగా ఉన్నప్పుడు తల దగ్గరి ఒక చిన్న నాడీ ముడి నుంచి హార్మోన్ వెలువడి, ఆమె కడుపులో తయారవుతున్న గుడ్లకు ఆ కబురు చేరవేస్తుంది. జపాన్ శాస్త్రవేత్తలు 1950ల మొదట్లోనే దీన్ని పట్టుకున్నారు. ఒకే జాతి, అవే జన్యువులు, తల్లి పెరిగిన తీరు వేరు, పిల్ల బతుకు వేరు. ఆ అబ్బాయి అడిగింది దీని గురించే.

ఇప్పుడు దీని రెండో సగం విను, అసలు సంగతి ఇందులో ఉంది. ఆ పిల్ల గుడ్డును నువ్వు మళ్లీ ఎలా పొదిగిస్తే, దాని పిల్లలు అలా ఉంటాయి. అమ్మమ్మ చూసిన చల్లదనం మనవరాలి దాకా రాదు. ప్రతి తరంలోనూ లెక్క కొత్తగా మొదలవుతుంది. కాబట్టి ఇది తల్లి నుంచి బిడ్డకు అందిందే గాని, వంశంలో పాతుకుపోయింది కాదు. ఈ రెంటికీ తేడా తెలుసుకుంటే నువ్వు చూసిన ఆ వీడియోలో సగం మాటలు రాలిపోతాయి.

మీ షెడ్డులోనే ఇంకో ఉదాహరణ ఉంది, పెబ్రిన్. తల్లికి ఆ జబ్బుంటే పిల్లలకు గుడ్డులోనే వస్తుంది. చూసేవాళ్లకు వంశపారంపర్యంలాగే కనబడుతుంది. 1865లో ఫ్రాన్స్ పట్టు రైతులు దివాలా తీస్తున్నప్పుడు పాశ్చర్ అనే శాస్త్రవేత్త వెళ్లి, తల్లి చిలుకను నలిపి మైక్రోస్కోప్ కింద చూడటం మొదలుపెట్టాడు. మెరిసే కోలగింజల్లాంటి ఆ జబ్బు సూక్ష్మజీవులు కనబడితే ఆ గుడ్లను పారేయాలి. ఈనాటికీ మన గ్రైనేజ్‌లలో చేసేది అదే. మీ నాయన నోట వినబడే "డీఎఫ్ఎల్స్" అన్న మాట అక్కడి నుంచి వచ్చింది, జబ్బులేని గుడ్లు అని. తల్లి నుంచి బిడ్డకు ఏదో వచ్చిందని ఎవరన్నా అంటే జువాలజీ చదివినవాళ్లు రెండు ప్రశ్నలు వెయ్యాలి. దాన్ని మోసుకొచ్చింది ఏది? జన్యువా, హార్మోనా, సూక్ష్మజీవా, జన్యువు మీద అంటిన రసాయన గుర్తా, చూసి నేర్చుకున్న అలవాటా? రెండోది, ఎన్ని తరాలు నిలిచింది?

మీ సార్ మీద కోపం పెట్టుకోవద్దు. లామార్క్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1809లో చెప్పినట్టు మెడ చాచగా చాచగా జిరాఫీ మెడ సాగలేదు, ఆ మాటలో మీ సార్‌దే రైటు. 1880లలో వైస్‌మన్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఎలుకల తోకలు అయిదు తరాలపాటు కోసి చూశాడు. 901 పిల్లలు పుట్టాయి, ఒక్కదానికీ తోక తగ్గలేదు. మన ఇళ్లలో ఎన్ని వందల ఏళ్లుగా ఆడపిల్లలకు చెవులు కుట్టిస్తున్నారు? రంధ్రంతో పుట్టిన పిల్లను ఎవరైనా చూశారా? ఇంకో కారణం కూడా ఉంది. సోవియట్ రష్యాలో లైసెంకో అనే ఆయన పెంపకంతోనే పంటల గుణం మార్చేస్తానని అధికారంలో ఉన్నవాళ్లను నమ్మించాడు. జన్యుశాస్త్రాన్ని అణగదొక్కారు. విత్తనాల కోసం ప్రపంచమంతా తిరిగిన శాస్త్రవేత్త వవిలోవ్ 1943లో జైల్లో ప్రాణం వదిలాడు. అప్పటి నుంచి "సంపాదించిన గుణాలు పిల్లలకు వస్తాయి" అని ఎవరన్నా మా తరం మాస్టర్లు ఉలిక్కిపడేవాళ్లు. అయినా ఉలిక్కిపడి పిల్లల్ని కూర్చోబెట్టడం తప్పే, నేను చేసినా మీ సార్ చేసినా.

ఎందుకంటే ఆ తర్వాత చాలా తెలిసింది. డీఎన్ఏ అక్షరాలు మారకుండానే, ఏ జన్యువు పనిచెయ్యాలో ఏది ఊరుకోవాలో చెప్పే రసాయన గుర్తులు వాటి మీద ఉంటాయి. వాటినే ఎపిజెనెటిక్ గుర్తులంటాం. క్షీరదాల్లో బీజకణాలు తయారయ్యేటప్పుడు ఒకసారి, పిండం ఏర్పడగానే ఇంకోసారి ఈ గుర్తుల్లో చాలావరకు చెరిగిపోతాయి. పలక తుడిచినా అక్కడక్కడ బలపం గీత మిగిలినట్టు కొన్ని మిగులుతాయి. ఎన్ని మిగులుతాయి, ఎంత పని చేస్తాయి అన్న దగ్గరే గొడవంతా. మట్టిలో ఉండే సన్నటి నులిపురుగుల్లో చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలు కొన్ని తరాలపాటు కబురు మోస్తాయని గట్టిగా తేలింది. మొక్కల్లోనూ తేలింది. మనుషుల దగ్గరికి వచ్చేసరికి సాక్ష్యం పలచబడుతుంది. "భయం వారసత్వం" అని వీడియోలో చెప్పింది బహుశా 2013 చివర్లో వచ్చిన ఎలుకల ప్రయోగం గురించి. ఒక వాసనతో పాటు చిన్న షాక్ ఇస్తే, మగ ఎలుకల పిల్లలూ మనవలూ ఆ వాసనకు ఉలిక్కిపడ్డాయని అందులో ఉంది. దాని లెక్కల మీద వేరే శాస్త్రవేత్తలు అనుమానాలు లేవనెత్తారు. 2014లో నేచర్ పత్రిక రెండు పక్షాలతోనూ రాయించింది. పరిణామ సిద్ధాంతాన్ని తిరగరాయాలని ఒక వర్గం, ఉన్నదాంట్లోనే ఇవన్నీ ఇముడుతాయని ఇంకో వర్గం. నేను రెండో వర్గం వైపు కాస్త మొగ్గుతాను. ఎవరు గెలిచినా, జన్యువులు ఉత్తమాటలని మాత్రం ఆ రెండు పక్షాల్లో ఎవరూ అనలేదు.

ఇక మీ అవ్వ సంగతి. నీ ఉత్తరంలో నన్ను బాగా కదిలించింది ఇదే.

1944-45 చలికాలంలో జర్మన్ సైన్యం దిగ్బంధంతో నెదర్లాండ్స్ పడమటి ఊళ్లలో జనం ఆకలితో అల్లాడారు. ఆ నెలల్లో తల్లి కడుపులో ఉన్నవాళ్లు పెద్దయ్యాక చూస్తే, రక్తంలో చక్కెర అదుపు తప్పడం ఎక్కువగా కనబడింది. అరవై ఏళ్ల తర్వాత, 2008లో, కరువు నెలల్లో కడుపున పడ్డవాళ్ల రక్తం తీసి చూస్తే, ఒక ఎదుగుదల జన్యువు మీద మిథైల్ అనే ఎపిజెనెటిక్ గుర్తులు వాళ్ల తోబుట్టువులకన్నా తక్కువగా ఉన్నాయి. మన దగ్గర పుణెలో డాక్టర్ యాజ్ఞిక్ బృందం 1993 నుంచి చుట్టుపక్కల పల్లెల్లో తల్లుల తిండిని, పుట్టిన పిల్లల ఒంటిని కనిపెట్టి చూస్తోంది. బరువు తక్కువగా పుట్టిన మన పిల్లల్లో కండ తక్కువైనా కొవ్వు మాత్రం తగ్గదని చూపించింది వాళ్లే. కాబట్టి మీ అవ్వ షుగర్‌కు ఆ గంజి కేంద్రాల రోజులకు సంబంధం ఉండొచ్చు అనుకోవడంలో తప్పులేదు.

ఇప్పుడు వేళ్ల మీద లెక్క పెట్టు. కరువులో తిండి లేనిది మీ అవ్వ వాళ్లమ్మకు. ఆమె కడుపులో మీ అవ్వ ఉంది. ఆడపిల్ల తల్లి గర్భంలో ఉండగానే ఆ పిల్ల అండాలకు మూలమైన కణాలు తయారైపోతాయి. అంటే మీ అమ్మగా మారబోయే ఆ కణం కూడా ఆ కరువులో, మీ ముత్తవ్వ కడుపులోనే ఉంది. ఒకే ఆకలి ఒకేసారి మూడు తరాలను తాకింది. మీ అమ్మ దాకా కనబడే దేన్నయినా "నేరుగా తగిలింది" అనొచ్చు, వారసత్వం అనక్కర్లేదు. ఆ కరువు తాకని మొదటి మనిషివి నువ్వే, తల్లీ. నిజంగా జన్యువుల బయటి వారసత్వమంటూ ఉంటే అది నీ తరంలో కనబడాలి. శాస్త్రవేత్తలు ఆడ వరసలో ముత్తవ్వ నుంచి లెక్కపెట్టి నాలుగో తరం దాకా చూడాలని పట్టుబట్టేది అందుకే. అయితే ఒక్క ఇంట్లో ఒక్క మనిషిని చూసి ఏమీ తేల్చలేం. షుగర్‌కు జన్యువులున్నాయి, తిండి ఉంది, ఒళ్లు కదిలే పని తగ్గడం ఉంది. అమ్మకూ అవ్వకూ ఉంది కాబట్టి ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించుకో, డాక్టరు చెప్పింది విను. కరువు శాపం తగిలిందని మాత్రం మనసులో పెట్టుకోకు.

ఇక చదువు సంగతి. ముందు మీ నాయన వైపు నుంచి చూద్దాం. ఆయన అడిగేది ఒక్కటే, నా కూతురికి జీతం ఎప్పుడొస్తుంది అని. ఆ ప్రశ్నకు డొంకతిరుగుడు లేకుండా జవాబు చెప్పాలి. ఎమ్మెస్సీ రెండేళ్లు, పీహెచ్‌డీ అయిదారేళ్లు. స్థిరమైన ఉద్యోగం కుదిరేసరికి ముప్పైకి దగ్గరవుతావు. ఈలోగా పెళ్లి మాటలు వస్తాయి, చుట్టాలు గుచ్చి గుచ్చి అడుగుతారు. అది కష్టమే. కానీ సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ అనే రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000, పైగా ఇంటి అద్దె భత్యం. ఇది అప్పు కాదు, నీ పనికి ఇచ్చే డబ్బు. ఇక బీఈడీ చేస్తే ఉద్యోగం చేతిలో ఉన్నట్టు కాదని కూడా నాయనకు నెమ్మదిగా చెప్పు. 2018 తర్వాత మన రాష్ట్రంలో మళ్లీ డీఎస్సీ జరిగింది 2025లోనే. ఎమ్మెస్సీతో పాటు నెట్ ఉంటే డిగ్రీ లెక్చరర్ పోస్టుకు దారి తెరుచుకుంటుంది. బీఈడీ ఆ తర్వాతైనా చెయ్యొచ్చు. బీఈడీ ముందు చేసి, ఇల్లు పట్టాక రీసెర్చ్‌కు వచ్చినవాళ్లను నేను చాలా తక్కువమందిని చూశాను.

రీసెర్చ్ కుదరకపోతే అన్న భయం కూడా సహజమే. ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ పరీక్షకు, ఐఎఫ్ఎస్‌కు, అంటే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్‌కు జువాలజీ డిగ్రీ సరిపోతుంది. సంతాన సాఫల్య కేంద్రాలకు ఎంబ్రియాలజిస్టులు కావాలి, అందులోకి వెళ్లాలంటే ఎమ్మెస్సీ తర్వాత ప్రత్యేక శిక్షణ తీసుకోవాలి. మన చుట్టూ గాలిమరలు, సోలార్ పార్కులు వస్తున్నాయి, అక్కడి పక్షుల్ని, జంతువుల్ని లెక్కగట్టి నివేదిక రాయగలిగినవాళ్లు అవసరం. ఈ నేల మీద జంతుశాస్త్రానికి పని లేదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. కలివికోడిని 1900లో అనంతపురం ప్రాంతంలో చూశాక అది అంతరించిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లా సిద్ధవటం దగ్గర మళ్లీ దొరికింది. గుత్తి పేరు మీద ప్రపంచమంతా తెలిసిన నీలి సాలీడును 1899లో వర్ణించారు, మళ్లీ కంటబడింది 2001లో, నంద్యాల - గిద్దలూరు అడవిలో. ఓపికగా వెతికేవాళ్లకు ఇక్కడ పని ఉంది.

మీ మామ మాటను కొట్టిపారెయ్యకు. ఆయన చెప్పిన కోర్సు కాకపోయినా కంప్యూటర్ నేర్చుకోవాలి. జువాలజీ పిల్లలు చిత్రాలు బాగా గీస్తారు, లెక్కలంటే వెనక్కి తగ్గుతారు. పైన చెప్పిన ఎలుకల ప్రయోగం నమ్మాలా వద్దా అన్నది స్టాటిస్టిక్స్ రాకపోతే నువ్వు తేల్చలేవు, ఎవరో చెప్పింది నమ్మాల్సిందే. ఆర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, ఈ సెలవుల్లోనే మొదలుపెట్టు. నెట్ సిలబస్‌లో కణశాస్త్రం, అణుజీవశాస్త్రం ఎక్కువ, మన డిగ్రీలో అవి పైపైన అయిపోతాయి కాబట్టి ఇప్పటి నుంచే చదువు. ఎమ్మెస్సీకి ఏపీ పీజీసెట్ రాస్తే శ్రీకృష్ణదేవరాయ, యోగి వేమన, రాయలసీమ విశ్వవిద్యాలయాలు దగ్గర్లోనే ఉన్నాయి. సీయూఈటీ రాసి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకీ ప్రయత్నించు. సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కు ఏటా దరఖాస్తులు పిలుస్తారు. అది వస్తే రెండు నెలలు హైదరాబాద్‌లోని సీసీఎంబీ లాంటి పరిశోధన సంస్థలో పని చేసి, రోజంతా పిపెట్ పట్టుకుని నిలబడే ఈ బతుకు నీకు నచ్చుతుందో లేదో నువ్వే చూసుకోవచ్చు. ఊహలో ఇష్టపడి అక్కడికి వెళ్లాక ఏడ్చినవాళ్లను చూశాను కాబట్టి చెబుతున్నాను.

హాల్డేన్ పేరు విని ఉంటావు. జన్యుశాస్త్రాన్ని పరిణామంతో ముడివేసిన పెద్దల్లో ఒకడు. 1957లో ఇంగ్లండ్ వదిలి మన దేశానికి వచ్చేశాడు. 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూస్తే, ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. ఖరీదైన యంత్రాలు లేకపోయినా, ఏ జంతువునూ చంపకుండా, ఓపికగా చూసి లెక్కపెట్టి మన దేశంలో మంచి జీవశాస్త్రం చెయ్యొచ్చని చెప్పేవాడు. ఆయన దగ్గర పనిచేసినవాళ్లు తీతువు జాతి పిట్ట గూటి ముందు గంటలకొద్దీ కూర్చుని అది ఎప్పుడు పొదుగుతోందో రాసుకున్నారు. అలాంటి పిట్టలు మీ చేల గట్ల మీదా తిరుగుతుంటాయి.

నీకు ఒక పని చెబుతాను. నాలుగో ఏడాది ఆనర్స్ చేసినా, ఎమ్మెస్సీలో చేరినా ప్రాజెక్టుకు పనికొస్తుంది. హిందూపురం దగ్గర కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థ ఉంది. మీ సార్ చేత ఉత్తరం రాయించుకుని వెళ్లి బైవోల్టిన్ గుడ్లు కొన్ని అడుగు. వాటిని రెండు భాగాలు చెయ్యి. ఒకటి 25 డిగ్రీల్లో లైటు కింద, ఇంకోటి 15 డిగ్రీల్లో చీకట్లో, కాలేజీ ల్యాబ్ ఇంక్యుబేటర్లలో పెట్టు. చల్లటివి ఆలస్యంగా పగులుతాయి, కంగారు పడకు. తర్వాత రెంటినీ ఒకే ఆకు, ఒకే వేడిలో పెంచు. చిలుకలు గుడ్లు పెట్టాక రోజూ ఒకే టైముకు, ఒకే వెలుతురులో ఫోటో తియ్యి. ఆ పసుపు గుడ్లను మళ్లీ రెండు భాగాలు చేసి ఇంకో తరం చూడు. జవాబు పుస్తకాల్లో ఉన్నదే, కానీ ఒక తరంలో వచ్చింది తర్వాతి తరంలో ఎలా పోతుందో నీ కళ్లతో చూస్తావు. మీ సార్‌ను గైడుగా ఉండమని అడుగు, కాదనరని నా నమ్మకం.

ఒక్కటి మాత్రం మరిచిపోకు. ఇదంతా మీ షెడ్డులో చెయ్యొద్దు. పరీక్ష చెయ్యని చిలుకలు ఇంటి పురుగుల దగ్గర గుడ్లు పెడితే పెబ్రిన్ వచ్చి నాయన పంట మొత్తం పోవచ్చు. ల్యాబ్ నుంచి వచ్చాక చేతులు కడుక్కుని, బట్టలు మార్చుకునే షెడ్డులోకి వెళ్లు.

గుడ్లు ఏ రోజు రంగు తిరిగాయో తేదీతో సహా రాసి ఫోటోలు నాకు పంపు. ఆ హిందూపురం అబ్బాయి ఎక్కడున్నాడో వాకబు చేస్తున్నాను. దొరికితే అతనికీ చూపిస్తాను.